రామగిరి గోడల మీద కార్తీకపు ఎండ

రామగిరి బంగారు గనుల దగ్గర మే నెల మిట్టమధ్యాహ్నం ఒక ఫొటో తీయండి. అదే చోట నిలబడి, అదే కెమెరాతో కార్తీకమాసం పొద్దున్నే ఇంకొకటి తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే స్థలమంటే నమ్మబుద్ధి కాదు. మొదటిదాంట్లో తెల్లబారిన నేల, అక్కడక్కడ రాళ్లు, ఒకటో రెండో మొండిగోడలు. అంతే. రెండోదాంట్లో నేలమీద గీతలు తేలతాయి. ఆ గీతలు గదులవుతాయి. గదుల మధ్య దారి, దారి పక్కన యంత్రం కూర్చున్న దిమ్మె బయటపడతాయి. గోడలో ఏ వరుస ముందు కట్టారో, ఏది తర్వాత అతికించారో కూడా తెలుస్తుంది.

ఈ ఆరు నెలల్లో గోడ మారలేదు, కెమెరా మారలేదు. మారింది సూర్యుడు నిలిచిన చోటు. నేలను, గోడను వెలుగు ఏ కోణంలో తాకుతుందన్న ఒక్క విషయం తెలిస్తే పాత పరిశ్రమల శిథిలాలను ఫొటో తీసే పద్ధతే మారిపోతుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల కెమెరా పట్టుకు తిరిగే కుర్రాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది లేపాక్షి నందినీ పెనుకొండ కోటనూ తీసి ఇంటికి వెళ్లిపోతారు. అవి తీయాల్సినవే. కానీ రామగిరి కూడా మన చరిత్రే. దాన్ని తీసేవాళ్లు తక్కువ, అది కరిగిపోతున్న వేగం ఎక్కువ.

రెండు ఏర్ల నడుమ ఒక గని

పెన్న నంది కొండల్లో పుట్టి హిందూపురం దగ్గర మన రాష్ట్రంలోకి వస్తుంది. జయమంగళిని కలుపుకుని ఉత్తరంగా సాగి, రామగిరి మండలంలోని పేరూరు ఆనకట్ట దగ్గర ఆగుతుంది. తూర్పున చిత్రావతి పుట్టపర్తి మీదుగా ధర్మవరం వైపు పోతుంది. ఈ రెండు ఏర్ల నడుమనున్న మెట్టలో, సన్నగా, ఉత్తర దక్షిణాలుగా ఒక రాతిపట్టీ ఉంది. దాదాపు 270 కోట్ల సంవత్సరాల నాటి రాయి అది. దాని పగుళ్లలో తెల్లటి చెకుముకి లాంటి పలుగురాయి, ఆ పలుగురాయిలో కంటికి కనపడనంత సన్నగా బంగారం.

మన పూర్వులకు ఈ సంగతి ముందే తెలుసు. బ్రిటిషు కంపెనీలు వచ్చేసరికే ఇక్కడ పాత తవ్వకాల గుంతలు ఉన్నాయి. వాటి ఆనవాలు పట్టుకునే కొత్తగా తవ్వారు. 1890లలో గుంతకల్లు నుంచి బెంగళూరు వైపు మీటరు గేజి రైలు ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా నడవడం మొదలైంది. 20వ శతాబ్దం తొలి పాదంలో నార్త్ అనంతపూర్, జిబుటిల్ లాంటి కంపెనీలు రామగిరిలో గనులు నడిపి, 1927 నాటికి మూసుకుపోయాయి. చాలా ఏళ్ల తర్వాత ప్రభుత్వరంగ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ ఎప్పమాన గనిని మళ్లీ తెరిచింది. 2001లో కోలారు గనులతోపాటే ఇదీ ఆగిపోయింది. 1990లలో ఇక్కడి కొండలమీద గాలిమరలు వచ్చాయి. ఇలా ఒకే చోట మూడు నాలుగు కాలాల పరిశ్రమ ఆనవాళ్లు ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయి. ఫొటో తీసేవాడికి ఇంతకంటే కావలసింది ఏముంది!

బాక్స్: ఈ గోడల మధ్య ఏం జరిగేది?

టన్ను రాయిలో బంగారం కొన్ని గ్రాములే. కాబట్టి బంగారు గని అంటే ముఖ్యంగా రాతిని పొడిచేసే కార్ఖానా. లోపలినుంచి వచ్చిన రాయిని ముక్కలు చేసి, బరువైన ఇనుప రోకళ్ల కింద నీళ్లతో కలిపి దంచేవారు. ఆ బురదను పాదరసం పూసిన రాగి రేకులమీదుగా పారిస్తే కొంత బంగారం పాదరసానికి అంటుకునేది. మిగిలిన సన్న పొడిని పెద్ద తొట్లలో సయనైడు కలిపిన నీటిలో నానబెట్టేవారు. 1887లో స్కాట్లండ్‌లో కనిపెట్టిన ఈ పద్ధతే ప్రపంచమంతటా బంగారు గనులను మార్చేసింది. నీటిలో కరిగిన బంగారాన్ని జింకు ముక్కలతో మళ్లీ విడదీసేవారు. చివరకు మిగిలేది కొండంత బూడిదరంగు పొడి.

పై నుంచి కిందికి బురద తనంతట తానే పారాలి కాబట్టి ఇలాంటి మిల్లులను ఎక్కువగా వాలు నేలమీద మెట్లు మెట్లుగా కట్టేవారు. శిథిలాన్ని ఎప్పుడూ పై మెట్టు నుంచి కిందికి చూడండి. రాయి ఎక్కడ లోపలికి వచ్చిందో, బంగారం ఎక్కడ బయటికి పోయిందో ఆ వరుసలోనే అర్థమవుతుంది.

నీడే రాత

ధర్మవరంలో పట్టుచీర కొనే వ్యాపారిని గమనించండి. నేతలో లోపం ఉందేమో చూడాలంటే చీరను వెలుగుకు ఎదురుగా పెట్టడు. వాకిలి దగ్గరికి తెచ్చి, వెలుగు చీర ఒంటిమీదుగా జారిపోయేలా వాలుస్తాడు. ఎదురు వెలుగులో నునుపుగా కనిపించిన చీరమీద అప్పుడు తప్పిన పోగు, ముడిపడ్డ చోటు తేలతాయి. గోడ విషయంలోనూ నేల విషయంలోనూ జరిగేది ఇదే.

వెలుగు ఒక ఉపరితలానికి తిన్నగా ఎదురుపడితే ఎత్తుపల్లాలన్నీ సమానంగా వెలుగుతాయి. ఎక్కడా నీడ ఉండదు. నీడ లేకపోతే కంటికి లోతు తెలియదు. అదే వెలుగు పక్కనుంచి, ఉపరితలాన్ని రాసుకుంటూ వస్తే చిన్న ఉబ్బు కూడా తనకంటే ఎన్నో రెట్లు పొడుగైన నీడ వేస్తుంది.

లెక్క చూద్దాం. నేలమీద 10 సెంటీమీటర్ల ఎత్తున మిగిలిన ఒక పునాది వరుస ఉందనుకోండి. మే నెల మూడో వారంలో మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తిమీద 84 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఆ పునాది నీడ ఒక్క సెంటీమీటరు. కార్తీకమాసం చివర, సూర్యుడు పది డిగ్రీలు పైకి లేచిన వేళ అదే పునాది నీడ 57 సెంటీమీటర్లు. ఫొటోలో ఒక సెంటీమీటరు గీత రాళ్లలో రాయిగా కలిసిపోతుంది. అర మీటరు వెడల్పు నల్లటి పట్టీ గది గోడగా కనిపిస్తుంది.

పురావస్తువాళ్లు దీన్ని వందేళ్లుగా వాడుకుంటున్నారు. 1920లలో ఇంగ్లండ్‌లో ఓ.జి.ఎస్. క్రాఫర్డ్ విమానంలోంచి తీసిన ఫొటోలు వేల ఏళ్ల కిందటి పొలం గట్లను, కందకాలను చూపించాయి. నేలమీద నడిచేవాడికి అందనివి, పొద్దు వాలినప్పుడు పైనుంచి చూస్తే నీడల రూపంలో దొరికాయి. గనుల దగ్గర ఈ కిటుకు మరీ బాగా పనికొస్తుంది. ఇక్కడ మిగిలినవాటిలో సగం నేలమట్టమైనవే. పూడిపోయిన గుంతల అంచులు, తొట్ల అడుగులు, ట్రాలీ దారులకు చదును చేసిన కట్టలు, అన్నీ నేలకు అంటుకుని ఉంటాయి.

మనకు గోల్డెన్ అవర్ అరగంటే

ఫొటోగ్రఫీ పుస్తకాలు చాలావరకు ఇంగ్లండ్, అమెరికాల నుంచి వచ్చినవే. సూర్యోదయం తర్వాత ఒక గంట, సూర్యాస్తమయానికి ముందు ఒక గంట బంగారు ఘడియలని అవి చెబుతాయి. అక్కడివాళ్లకు అది నిజం. మనకు కాదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 14 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఇక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా పైకెక్కుతాడు. నవంబరు మూడో వారంలో తొలి గంటలోనే 13, 14 డిగ్రీలు లేస్తాడు. లండన్‌లో అదే రోజున పొద్దు అడ్డంగా పాకుతూ గంటకు 8 డిగ్రీలు కూడా ఎక్కడు. మిట్టమధ్యాహ్నానికి కూడా అక్కడ 18, 19 డిగ్రీల దగ్గరే ఉంటాడు. అంటే లండన్ ఫొటోగ్రాఫరుకు నవంబరంతా రోజు పొడుగునా వాలు వెలుగే. మనకు ఆ ఎర్రటి వెలుగు అరగంట, మహా అయితే ముప్పావుగంట. నవంబరు చివర ధర్మవరంలో ఆరున్నరకు కాస్త ముందు పొద్దు పొడుస్తుంది. ఏడు దాటి పది నిమిషాలయ్యేసరికి 10 డిగ్రీల ఎత్తు దాటిపోతుంది. నేలమీది పునాదులు తీయాలనుకుంటే చీకటి ఉండగానే చేరుకుని, కెమెరా స్టాండు వేసుకుని కూర్చోవాలి. ఏడింటికి ధర్మవరంలో టీ తాగి బయలుదేరితే అక్కడికి వెళ్లేది ఎండలోకే.

అయితే అరగంటతో పని అయిపోయిందని ఇంటికి రాకండి. అసలైన విషయం గోడల దగ్గర ఉంది. అక్కడ ఈ బంగారు ఘడియల సూత్రం చాలాసార్లు తలకిందులవుతుంది.

గోడ ముఖం ఎటు?

నేల పడుకుని ఉంటుంది, గోడ నిలబడి ఉంటుంది. నేలకు వాలు వెలుగు కావాలంటే సూర్యుడు కిందికి ఉండాలి. గోడకు వాలు వెలుగు కావాలంటే సూర్యుడు గోడ వరుసలోకి రావాలి. ఆ వేళ ఏదన్నది గోడ ముఖాన్ని బట్టి ఉంటుంది.

ముందు తూర్పు ముఖంగా ఉన్న గోడను చూద్దాం. పొద్దున్నే అది ఎర్రగా, అందంగా వెలుగుతుంది. అందరూ అప్పుడే తీస్తారు. కానీ ఆ వేళ సూర్యుడు గోడకు దాదాపు ఎదురుగా ఉంటాడు. రంగు వస్తుంది, రాయి రాదు. ఇటుకకూ ఇటుకకూ మధ్య సున్నం రాలిపోయిన సందు, బోల్టు పీకేసిన రంధ్రం, మూసేసిన కిటికీ అంచు, ఇవన్నీ చదునైపోతాయి. అదే గోడ దగ్గరికి పదిన్నరకూ పది యాభైకీ మధ్య వెళ్లండి. సూర్యుడు పైకెక్కి గోడను 20 డిగ్రీల వాలులో రాసుకుంటూ ఉంటాడు. ప్రతి ఇటుక కింద సన్నని నీడ గీత పడుతుంది. ఫొటోలకు పనికిరాదని అందరూ కెమెరా సంచీలో పెట్టేసే ఆ వేళ తూర్పు గోడను చదవడానికి మంచి వేళ. పడమటి గోడకు ఇదే లెక్క మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకీ ఒంటిగంటా నలభైకీ మధ్య వర్తిస్తుంది.

దక్షిణ ముఖంగా ఉన్న గోడది ఇంకా గొప్ప కథ. శరత్కాలాన్ని ప్రత్యేకంగా ఎంచుకోవడానికి కారణం ఈ గోడే. ఏప్రిల్ నెలాఖరున, మళ్లీ ఆగస్టు నడుమ మన ఊళ్లమీద మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన కర్రకు నీడ పడదు. ఆ రెండు తేదీల మధ్యకాలంలో మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. దక్షిణ గోడ తన నీడలో తనే ఉండిపోతుంది. సెప్టెంబరు 22, 23 తేదీల తర్వాత పరిస్థితి మారుతుంది. సూర్యుడు తూర్పుకు కాస్త దక్షిణంగా ఉదయించడం మొదలుపెడతాడు. కార్తీకమాసం చివరికి ఆ జరుగుబాటు 20 డిగ్రీలవుతుంది.

దీని ఫలితం ఏమిటంటే, పొద్దు పొడిచీ పొడవగానే వెలుగు దక్షిణ గోడ పొడవునా 20 డిగ్రీల వాలులో పక్కనుంచి జారుతుంది. మధ్యాహ్నానికి సూర్యుడు ఎదురుగా వచ్చినా 56 డిగ్రీల ఎత్తున ఉంటాడు కాబట్టి, అప్పుడు గోడకూ కిరణానికీ మధ్య కోణం 34 డిగ్రీలే. సాయంత్రానికి మళ్లీ 20. అంటే శరత్కాలంలో దక్షిణ గోడకు రోజంతా వాలు వెలుగే. ఉదయం నీడలు అడ్డంగా పడతాయి, మధ్యాహ్నం కిందికి పడతాయి, సాయంత్రం రెండో పక్కకు పడతాయి. ఒకే గోడను ఈ మూడు వేళల్లో తీసి ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తే, మధ్యాహ్నం కనపడని నిలువు పగులు సాయంత్రం కనపడుతుంది. దసరా రోజుల్లో ఈ కోణం ఇంకా సన్నం, పొద్దున సుమారు 8 డిగ్రీలు. నీడలు మరీ పొడుగు. గోడమీద చెక్కిన అక్షరాలో అంకెలో అరిగిపోయి ఉంటే వాటికోసం దసరా ముహూర్తమే మేలు.

ఇక ఉత్తర గోడకు శరత్కాలమంతా నేరుగా ఎండ తగలదు. దానిమీద పడేది ఆకాశపు వెలుగు మాత్రమే. దాన్ని వాలు వెలుగులో చదవాలంటే మే నెలకు ఆగాల్సిందే. అప్పుడు మధ్యాహ్నం సూర్యుడు ఆ గోడను ఆరు డిగ్రీల సన్నని కోణంలో పైనుంచి కిందికి గీరుతాడు. కాబట్టి ఎండాకాలం ఫొటోలకు పనికిరాదన్న మాటను నేను ఒప్పుకోను. ఏ కాలం ఏ గోడను చూపిస్తుందో తెలుసుకుని వెళ్లాలి.

బాక్స్: నవంబరు చివర గోడకో వేళ

నేలమీది పునాదులు, గుంతల అంచులు: ఉదయం 6.30 నుంచి 7.10 లోపు. సాయంత్రమైతే పొద్దు గుంకే ముందు అరగంట.

తూర్పు గోడ: ఉదయం 10.30–10.50.

పడమటి గోడ: మధ్యాహ్నం 1.20–1.40.

దక్షిణ గోడ: రోజంతా. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు తీస్తే మంచిది.

ఉత్తర గోడ: నీడలోనే ఉంటుంది. కొలతల ఫొటోలకు దీనికంటే మంచి గోడ లేదు.

ఫోనులో ఉండే దిక్సూచితో గోడ ముఖం ఎటో ముందే చూసుకోండి. గోడ కాస్త వంకరగా ఉంటే వేళ అటోఇటో జరుగుతుంది.

వాన కడిగిన గాలి

పొద్దుటి ఎండ ఎర్రగా ఉండటానికి కారణం మనందరం బళ్లో చదువుకున్నదే. సూర్యుడు పది డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు కిరణం నెత్తిమీద ఉన్నప్పటికంటే అయిదు రెట్లకు పైగా మందమైన గాలిపొరను దాటి రావాలి. గాలి అణువులు నీలిరంగును ఎక్కువగా చెదరగొడతాయి, ఎరుపును అంతగా ముట్టుకోవు. 1871లో లార్డ్ రేలీ వివరించిన సంగతి ఇది.

మరి ఎండాకాలంలోనూ పొద్దున సూర్యుడు వాలే ఉంటాడు కదా, అప్పటి ఫొటోలు ఎందుకు వెలిసిపోయినట్టు ఉంటాయి? దుమ్మువల్ల. దుమ్ము రేణువు గాలి అణువుకంటే ఎన్నో వేల రెట్లు పెద్దది. అది ఏ రంగునూ వదలకుండా అన్నిటినీ సమానంగా చెదరగొడుతుంది. అన్ని రంగులూ కలిస్తే తెలుపు. ఆ తెల్లటి పొర కెమెరాకూ గోడకూ మధ్య నిలబడి నలుపును బూడిదరంగు చేస్తుంది, ఎరుపును పాలిపోయేలా చేస్తుంది. పాత అనంతపురం జిల్లా పడమటి కనుమల వాననీడలో ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గగనమే, అందులో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరుల్లో పడుతుంది. ఆ వానలు గాలిలోని దుమ్మును నేలకు దించేస్తాయి. వాన వెలిసిన మర్నాడు రామగిరి నుంచి చూస్తే దూరపు కొండల అంచులు కత్తిరించినట్టు ఉంటాయి. అయితే వేరుశనగ నూర్పిళ్లు మొదలైతే చేలమీదుగా మళ్లీ దుమ్ము లేస్తుంది. వానకూ నూర్పిడికీ మధ్య దొరికే ఆ కొద్ది రోజులను వదులుకోకూడదు.

తడిసిన రాయి ఎందుకు ముదురుతుంది?

వాన వెలిసిన వెంటనే వెళ్లడానికి ఇంకో కారణం ఉంది. పొడిగా ఉన్నప్పుడు బూడిదరంగులో ఉండే రాయి తడిస్తే ఆకుపచ్చ ఛాయ చూపిస్తుంది, తుప్పు చార ఎర్రగా మండుతుంది, ఇటుక రక్తవర్ణమవుతుంది. నీటికి రంగు లేదు. మరి ఈ రంగు ఎక్కడిది?

పొడి రాయి పైభాగమంతా కంటికి కనపడని గరుకు. దానిమీద పడ్డ వెలుగులో కొంత రాయి లోపలికి పోకుండానే అన్నివైపులకూ చెదిరి తెల్లగా తిరిగొస్తుంది. రాయి అసలు రంగుకు ఆ తెలుపు కలిసి పాలిపోయినట్టు కనిపిస్తుంది. నీళ్లు ఆ గరుకును నింపేస్తాయి. గాలిలోంచి రాయిలోకి దూరడంకంటే నీటిలోంచి రాయిలోకి దూరడం వెలుగుకు తేలిక. కాబట్టి పైనే చెదిరిపోయేది తగ్గుతుంది, లోపలికి పోయేది పెరుగుతుంది. లోపలికి పోయిన వెలుగును రాయి తన రంగు మేరకు మింగుతుంది. బయటికి రాబోయే వెలుగులో కొంత నీటిపొర పైఅంచున తగిలి మళ్లీ వెనక్కే పోతుంది, రాయి దాన్ని ఇంకోసారి మింగుతుంది. మొత్తంమీద బయటికొచ్చేది తక్కువ, అందుకే ముదురు. వచ్చినదాంట్లో తెల్లటి కలగాపులగం తక్కువ, అందుకే రంగు చిక్కన.

గని శిథిలాల దగ్గర ఈ రంగులు ఊరికే అందానికి కాదు, సాక్ష్యానికి. బంగారం ఉన్న రాళ్లలో ఇనుము, గంధకం కలిసిన ఖనిజాలు సాధారణంగా ఉంటాయి. రాయిని పొడిచేసి ఆరుబయట పోస్తే అవి గాలికీ వానకూ మారిపోయి పసుపు, నారింజ, ఇటుక ఎరుపు మరకలవుతాయి. తడిసిన దిబ్బలో ఆ పొరలు విడివిడిగా కనిపిస్తాయి. అలాగే దిమ్మెమీద గుండ్రంగా ఒక తుప్పు మచ్చ, దాని మధ్య రంధ్రం, అక్కడినుంచి కిందికి కారిన ఎర్రటి చార కనిపిస్తే అక్కడ ఇనుప బోల్టు ఉండేదని అర్థం. ఇనుము తుప్పుపడితే ఉబ్బుతుంది. ఆ ఉబ్బే చుట్టూ ఉన్న రాయినో కాంక్రీటునో నక్షత్రంలా పగలగొడుతుంది. మచ్చకూ మచ్చకూ ఎంత దూరమో కొలిస్తే పోయిన యంత్రం అడుగు ఎంతో తేలుతుంది. యంత్రం తుక్కుకింద ఎప్పుడో పోయి ఉంటుంది. దాని పాదముద్ర ఇంకా ఉంది.

మెరిసే తడి అడ్డొస్తుంటే పోలరైజర్ అనే ఫిల్టరు తగిలించి తిప్పండి. పైమెరుపు తగ్గి లోపలి రంగు వస్తుంది. లోహంమీది మెరుపు మాత్రం దానికి లొంగదు.

నీటి విషయంలో ఒక చిన్న మాట. సూర్యుడు నెత్తిమీద ఉన్నప్పుడు నీటిమీద పడ్డ వెలుగులో తిరిగొచ్చేది సుమారు 2 శాతం. పది డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు దాదాపు మూడో వంతు తిరిగొస్తుంది. పేరూరు చెరువులోనో చిత్రావతి మడుగులోనో నీళ్లు నిలిచిన ఏడాది, పొద్దున్నే ఒడ్డున ఉన్న కట్టడంమీద కిందినుంచి కూడా వెలుగు పడుతుంది. తోరణాల లోపలి భాగం, తూము కప్పు కింది రాళ్లు లాంటి ఎప్పుడూ చీకట్లో ఉండే చోట్లు ఆ అరగంటలో కనపడతాయి. మన ఏర్లు ఉత్తరంగా పారుతాయి కాబట్టి పడమటి ఒడ్డున నిలబడ్డ కట్టడాలకు ఇది పొద్దున, తూర్పు ఒడ్డువాటికి సాయంత్రం.

చూడ్డానికి ఒకటి, కొలవడానికి ఒకటి

ఇంతదాకా నీడను పొగిడాను. ఇప్పుడు నీడ లేని వెలుగు గురించి చెప్పాలి.

జర్మనీలో బెర్న్‌డ్, హిల్లా బెషర్ అనే దంపతులు 1959 నుంచి దశాబ్దాలపాటు మూతపడుతున్న కొలుములను, నీటి ట్యాంకులను, గని బావులమీది ఇనుప గోపురాలను ఫొటోలు తీశారు. వాళ్లు ఎండ రోజును వాడుకునేవాళ్లు కాదు. మబ్బు పట్టిన రోజుకోసం ఎదురుచూసి, ఒకే ఎత్తునుంచి, తిన్నగా ఎదురుగా నిలబడి తీసేవారు. మబ్బు వెలుగు అన్నివైపులనుంచీ వస్తుంది, ఏ భాగాన్నీ దాచదు. ఇప్పుడు ఆ కట్టడాల్లో చాలా లేవు. ఫొటోలు ఉన్నాయి. వాటిని చూసి ఒక గోపురాన్ని ఇంకో గోపురంతో పోల్చవచ్చు.

ఫొటోను కొలబద్దగా వాడటం ఇంకా పాత ఆలోచన. 1858లో ఆల్బ్రెక్ట్ మైడెన్‌బవర్ అనే జర్మన్ యువకుడు వెట్స్‌లార్ చర్చి గోడలు కొలుస్తూ పైనుంచి పడబోయి త్రుటిలో తప్పించుకున్నాడు. గోడ ఎక్కకుండా ఫొటోలనుంచే కొలతలు రాబట్టలేమా అని ఆలోచించాడు. ఒకే బిందువును రెండు వేరువేరు చోట్లనుంచి చూస్తే అది వెనకనున్నవాటికంటే ఎంత జరిగిందన్నదాన్ని బట్టి దూరం లెక్కకట్టవచ్చు. మన రెండు కళ్లు రోజూ చేసే పని అదే. 1885లో ప్రష్యా ప్రభుత్వం ఇందుకోసం ఒక సంస్థనే పెట్టింది.

ఆ పని ఇప్పుడు మామూలు ఫోను చేస్తుంది. గోడ పక్కన అడుగు అడుగుకూ జరుగుతూ, ప్రతి ఫొటోలో ముందు ఫొటోలోని 60 నుంచి 80 శాతం భాగం మళ్లీ వచ్చేలా తీసుకుంటూ పోండి. మెష్‌రూమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ ఫొటోలన్నిటిలో ఒకేలా ఉన్న బిందువులను వెతికి, ఒక్కొక్కదాని స్థానం లెక్కకట్టి గోడను మూడు కొలతల్లో నిలబెడుతుంది. ఇక్కడ నీడ శత్రువు. తీస్తుండగానే నీడ జరిగిపోతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని గోడ భాగమనుకుని పొరబడుతుంది. కాబట్టి ఈ ఫొటోలు మబ్బు రోజున, లేదా పొద్దు పొడిచే ముందు, లేదా నీడలో ఉన్న ఉత్తర గోడమీద తీయాలి. గోడ పక్కన మీటరు కర్ర పెట్టడం మరచిపోవద్దు. అది లేకపోతే బొమ్మ వస్తుంది, కొలత రాదు.

బాక్స్: ప్రాణం ముందు

గని బావుల దగ్గరికి పోవద్దు. అంచు గట్టిగా కనిపించినా కింద ఖాళీ ఉండొచ్చు, వానల తర్వాత మరీ ప్రమాదం. సొరంగంలోకి ఎట్టి పరిస్థితుల్లోనూ దిగొద్దు. లోపల ఊపిరాడే గాలి ఉంటుందన్న నమ్మకం లేదు.

దిబ్బల పొడిని తాకొద్దు, పీల్చొద్దు. బంగారు గనుల వ్యర్థాల్లో ఆర్సెనిక్, సయనైడు అవశేషాలు ఉండే అవకాశం ఉంది. దిబ్బల కింద నిలిచిన నీళ్లలో చేతులు కడగొద్దు.

ఏటి ఇసుకలో దిగేటప్పుడు ఎగువన వాన పడిందేమో కనుక్కోండి. 2021 నవంబరు 19న చిత్రావతి వరదలో చిక్కుకున్న 10 మందిని వాయుసేన హెలికాప్టర్ పైకి లాగాల్సి వచ్చింది. ఎండిన ఏరు ఎప్పుడూ ఎండిపోయే ఉంటుందన్న భరోసా లేదు.

గని స్థలాలకు యజమానులున్నారు, అనుమతి అడగండి. డ్రోన్ ఎగరేయాలంటే 2021 నాటి నిబంధనలు చూసుకోండి. ఒక్కరే పోవద్దు.

వందేళ్లు దాటిన గోడలు

1565 తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండకు చరిత్ర పుస్తకాల్లో చోటుంది, యాత్రికులున్నారు. చేతులు కాయలు కాసిన కూలీలు రాయి దంచిన మిల్లుకు అవి లేవు. ఇటుకలు ఊళ్లోకి పోతాయి, ఇనుము తుక్కుకు పోతుంది, రావిమొక్క వేళ్లు మిగిలిన సందును విప్పుతాయి. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం ఒక కట్టడాన్ని రక్షణకు పరిశీలించాలంటే దానికి కనీసం వందేళ్ల వయసు ఉండాలి. రామగిరిలో 1927కు ముందు కట్టినవన్నీ ఆ గీతను దాటాయి, లేదా దాటబోతున్నాయి. ఏది ఎక్కడ ఉంది, ఎంత మిగిలింది అని చెప్పే ఫొటోలు లేకుండా ఎవరూ ఏ అర్జీ పెట్టుకోలేరు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఫొటోగ్రాఫర్లకు నా మనవి ఇది. ఈ కార్తీకంలో రామగిరిని మీలో మీరు పంచుకోండి. ఒకరు దక్షిణ గోడలు, ఒకరు నేలమీది పునాదులు, ఒకరు కొలతల ఫొటోలు తీసుకోండి. ప్రతి ఫొటోకు తేదీ, వేళ, గోడ ముఖం, నిలబడ్డ చోటు రాయండి. రంగులు దిద్దిన కాపీ మీ దగ్గర ఉంచుకోండి, దిద్దని అసలు ఫైలు మాత్రం తుడిచేయొద్దు. ఒక ప్రతి రామగిరి బడికి, ఒక ప్రతి జిల్లా గ్రంథాలయానికి ఇవ్వండి. గనిలో పనిచేసినవాళ్లు ఇంకా కొందరు ఆ ఊళ్లలో ఉన్నారు. ఫొటోలు వాళ్లకు చూపించి, ఏ దిమ్మెమీద ఏ యంత్రం ఉండేదో అడిగి రాసుకోండి.